సెల్వి సంచి విప్పించిన రోజు

నా రెండు కళ్ల మీద ఒట్టు. నాకు అన్నం పెడుతున్న రాగి తీగ మీద ఒట్టు. ఇక్కడ రాసేదంతా జరిగినదే. ప్రతి మాటా నిజం.

ఇంత గట్టిగా ఒట్టు పెట్టుకోవడానికి కారణం ఉంది. పుంగనూరులో నన్ను ఎరిగిన వాళ్లెవరూ నేను చెప్పింది చెప్పినట్టు నమ్మరు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. కాలిపోయిన తీగ లాగి, కొత్త తీగ చుట్టేదాకా రైతు స్టూలు మీద కూర్చోవాలి కదా. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని కథలు చెబుతాను. పెద్దపంజాణి దగ్గర ఒక బోరులో తొమ్మిది వందల అడుగులకు నీళ్లు పడలేదు, చల్లగాలి పడింది, ఆ రైతు దాని మీద గది కట్టి ఎండాకాలంలో చుట్టాలను పడుకోబెడుతున్నాడు అని చెప్పాను. పుంగనూరు ఆవును కుప్పం బస్సెక్కించి హాఫ్ టికెట్ కొట్టించానని చెప్పాను. కండక్టరు దాని ఎత్తు కొలిచి మరీ ఒప్పుకున్నాడని కూడా చేర్చాను. జనం నవ్వుతారు. చెప్పినదాంట్లో సగం తీసేసి మిగతాది ఇంటికి పట్టుకుపోతారు.

ఇది అలాంటిది కాదు. ఐదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా సరిగ్గా లేదు. బరువైతే కాసేపు దించి భుజం మార్చుకోవచ్చు. ఇది చొక్కాలో దిగిన ముల్లు. కదలకుండా కూర్చుంటే ఏమీ ఉండదు. ఎవరైనా నర్సు అనే మాట అంటే చాలు, గుచ్చుతుంది. మీకే ఎందుకు చెబుతున్నాను? మీకు నా మొహం తెలియదు. అంతే.

మా అక్క కాంతమ్మ నాకంటే పద్నాలుగేళ్లు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. అప్పటినుంచి తల దువ్విందీ, తినిపించిందీ, జ్వరమొస్తే పక్కన పడుకుందీ అక్కే. పెద్దమండ్యంలో ఇచ్చారు. పిల్లల్లేరు. బావ పోయాక మా ఇంటికే వచ్చేసింది. నేను కథలు కట్టడం నేర్చుకున్నది ఆమె కోసమే. ఆమె పెద్దగా నవ్వే మనిషి కాదు. నవ్వితే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు ఊగేటట్టు నవ్వేది. ఆ భుజాలు ఊగించడానికి నేను ఎంతదూరమైనా పోయేవాణ్ణి. యాభై దాటాక కూడా.

ఒక పొద్దున అక్క స్నానాల గదిలో పడిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. మదనపల్లె ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులుంచి ఇంటికి పంపారు. నా భార్య సుజాత అంగళ్లు అనే ఊరి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది, పొద్దున ఏడున్నర బస్సుకు పోతే సాయంత్రం వస్తుంది. నాకు దుకాణం. మంచం మీద మనిషిని పట్టించుకోవడానికి నర్సును పెట్టుకోక తప్పలేదు.

మదనపల్లెలో ఒక మందుల షాపు పైన, ఇళ్లకు నర్సులను పంపే ఏజెన్సీ ఉందని తెలిసి వెళ్లాను. అక్కడ మేడమ్ నాలుగు పేజీల కాగితం నా ముందు పెట్టింది.

"సదివి సంతకం పెట్టండి సార్," అంది.

నేను చదవలేదు. ఆవు, హాఫ్ టికెట్ కథ చెబుతూ నాలుగు చోట్లా సంతకాలు గీశాను. ఆమె నవ్వింది. నాకు అదే ముఖ్యమైంది. చెవిలో పడినవి రెండే మాటలు. ఒకటి, పేషెంటు ఒంటిమీది నగలు తీసి లోపల పెట్టుకోమని. రెండోది, మనిషి సరిపడకపోతే కారణం చెప్పి ఒక్క ఫోన్ కొడితే అదే రోజు మార్చేస్తామని.

సెల్వి అలా వచ్చింది. కుప్పం పక్క పల్లె, ముప్పై ఐదేళ్లు ఉంటాయి. తెలుగు మాట్లాడితే అరవం వాసన. మొగుడు లేడు, పదో తరగతి చదివే కూతురు అమ్మమ్మ దగ్గర ఉంటుంది. మా ఇంట్లోనే ఉండి, అక్క గదిలోనే చాప వేసుకొని పడుకునేది. నన్ను అన్నా అనేది, అక్కను అమ్మా అనేది. వచ్చిన రోజే సెల్వి అక్క ఒంటిమీది నగలు తీసి సుజాత చేతికిచ్చింది. చెవులకున్న ఏడురాళ్ల కమ్మలు మాత్రం అక్క తీయనివ్వలేదు. చెయ్యి పెడితే తల అటూ ఇటూ ఊపింది. సరే, ఉండనీ అన్నాను.

నాకు ఆమె మీద అనుమానం మొదటి వారంలోనే పుట్టింది. ఎందుకు పుట్టిందని ఇప్పుడు నన్ను నేను అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఒకటి, కళ్లతో చూశాను కాబట్టి. రెండోది తర్వాత.

చూసిందేమిటంటే, ఫోటోలు. రోజూ పొద్దున స్నానం చేయించాక సెల్వి ఫోన్ తీసి అక్కను ఫోటోలు తీసేది. మొహం కాదు. మడమలు, నడుము, మోచేతులు. ఒకరోజు తల పక్కకు తిప్పి చెవి వెనక తీసింది. నేను కిటికీలోంచి చూశాను. చెవి ఎందుకు? చెవికి ఏముంది? కమ్మ ఉంది. ఆ ఫోటో ఎవరికి పోతోంది? తీసిన వెంటనే ఎవరికో పంపేది, వాళ్లు చూశారో లేదో అని కాసేపు ఫోన్ పట్టుకొని నిలబడేది. మంచం మీద మనిషి, తలుపు తీసుండే ఇల్లు, పగలంతా మగవాడు ఉండడని ఎవరికైనా చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

ఆపైన మధ్యాహ్నాలు. భోజనం అయ్యాక గది తలుపు మూసేది. గంటసేపు లోపల ఏవో గొణుగుడు మాటలు. నేను దుకాణం నుంచి ఊరికే వచ్చి వరండాలో నిలబడేవాణ్ణి. చెప్పుల చప్పుడు వినగానే లోపల మాట ఆగిపోయేది.

నాది తీగల పని. వెంట్రుక కంటే సన్నని తీగ నా దగ్గర ఉంటుంది. ఒక ముక్క తెంచి బీరువా రెండు పిడులకూ కలిపి చుట్టాను. తలుపు కదిలితే తెగుతుంది. పదిహేను రోజులు చూశాను. తెగలేదు. తెగలేదు కాబట్టి ఆమె మంచిదని ఎవరైనా అనుకుంటారు. నేనేమనుకున్నానో తెలుసా? తీగను కనిపెట్టేసింది, తెంచి మళ్లీ అలాగే చుట్టింది, ఎంత జాణ అనుకున్నాను. అనుమానం వచ్చినవాడికి ఏం చూపిస్తే పోతుంది? నాకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

సుజాతతో అన్నాను.

"ఏమప్పా నీ గోల," అంది ఆమె బస్సుకు టిఫిన్ డబ్బా సర్దుకుంటూ. "ఆ మనిషొచ్చినాక వదిన మొహం తేటపడిండాది. వీపు మీద ఒక్క పుండు లేదు. నీకేం కావాల ఇంగ?"

"తలుపు యాల మూస్తాది?"

"నువ్వు వరండాలో నిలబడి దొంగ మాదిరి సూస్తావని మూస్తాదేమో."

నవ్వాను. నవ్వు రాలేదు గానీ నవ్వాను.

ఒక శుక్రవారం సాయంత్రం అక్క ఎడమ చెవి బోసిగా కనిపించింది. కమ్మ లేదు. మొదట చూసింది సెల్వే. తనే నన్ను పిలిచింది. మంచం కింద, చాప కింద, స్నానాల గదిలో, చెత్తబుట్టలో, అంతటా వెతికాం. సుజాత వచ్చాక మళ్లీ వెతికాం. దొరకలేదు. సెల్వి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. అది కూడా నేను లెక్కలో వేసుకున్నాను. తప్పు చేసినవాళ్లకే కదా ముద్ద దిగదు.

శనివారం పదకొండున్నరకు మిద్దె మీదికి వెళ్లి ఏజెన్సీకి ఫోన్ చేశాను. కమ్మ పోయింది, మనిషి మీద అనుమానం ఉంది అన్నాను. "నేనే వస్తాండాను సార్. ఆ మనిషికి ఏమీ చెప్పొద్దండి," అంది మేడమ్.

రెండు గంటలకల్లా వచ్చింది. వాళ్ల పద్ధతి ఒకటుంది. దొంగతనం మాట వస్తే ఇంటివాళ్ల ముందు, ఏజెన్సీ వాళ్ల ముందు, ఆ మనిషే తన సంచి విప్పి కుమ్మరించాలి. దొరికినా దొరకకపోయినా ఆ రోజే తీసుకెళ్లిపోతారు. దొరకకపోయినా ఎందుకు తీసుకెళ్తారని నేను అడగలేదు.

అక్క గదిలోనే నేల మీద దుప్పటి పరిచారు. సెల్వి మోకాళ్ల మీద కూర్చొని సంచి జిప్పు లాగింది. రెండు నైటీలు, మూడు చీరలు, తెల్లకోటు. పౌడరు డబ్బా. ఛార్జరు. రాగిపిండి పొట్లం. కూతురు ఫోటో ఒకటి. ప్రతిదీ విదిలించి పక్కన పెట్టింది. పౌడరు డబ్బా మూత తీసి మేడమ్‌కు చూపించింది. ఎవరూ అడగకముందే జడ విప్పి దులిపింది. అది నేను చూడకుండా ఉండాల్సింది. చూశాను.

అడుగున ఒక చిన్న నోటుపుస్తకం. మేడమ్ తెరిచింది.

"ఇదేంది?"

"అమ్మ పలికిన మాటలు మేడమ్. మద్దేనం నేర్పిస్తా ఉండా. దినానికి ఒకటి."

మేడమ్ పైకి చదివింది. నీళ్లు. చాలు. అన్నం. సెల్వి. ఐదో మాట దగ్గర పెన్నుతో చాలాసార్లు దిద్దిన గుర్తులు. చిన్నోడు.

ఇంట్లో నన్ను ఆ పేరుతో పిలిచేది అక్క ఒక్కతే.

"అది ఇంగా సరిగా రాలేదు," అంది సెల్వి నాకేసి చూడకుండా. "నెల దినాలుగా అదొక్కదానికే తంటాలు పడతాండాము. వచ్చినాక అన్నను పిలిపిద్దామని తలుపు మూసుకుంటిమి."

నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. అప్పుడు చెప్పి ఉండవచ్చు. వద్దులే మేడమ్, పోతే పోయింది, ఈ మనిషి ఉండనీ అని. నోరు తెరిస్తే సరిపోయేది. ఊళ్లో అందరికంటే ఎక్కువ తెరిచే నోరు అది.

సెల్వి లేచి నిలబడింది.

"అన్నా, నేను తీసినానని నీకు తోస్తాండాదా?"

"నాకు తోచేదేముందిలేమ్మా. పోయింది పోయిండాది."

"అట్ల గాదు. మేడమ్ నా పేరు కొట్టేస్తాది. ఇంగ యాడా పని ఇయ్యరు. అది సరే. నీ మనసులో ఏముండాదో నీ నోట్లో నుంచి వినాల నేను."

అప్పుడు నేనన్న మాట ఇది.

"నువ్వు కాకపోతే ఇంగెవరు?"

ఆమె తల ఊపింది, లెక్క తేలినట్టు. చీరలు మడత పెట్టుకుంది. మంచం మీద అక్క గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఎడమ చెయ్యి ఎత్తింది. ఎవరికేసి ఎత్తిందో చూడలేదు, నేను నేలకేసి చూస్తున్నాను. సెల్వి ఆ చేతిని పట్టుకొని మంచం మీద పెట్టి, "నాలుగు గంటలకు ఎడం పక్కకు తిప్పి పండబెట్టండన్నా, మరిసిపోవద్దు," అని చెప్పి మేడమ్ వెనకాల బయటికి నడిచింది.

నాలుగో రోజు కమ్మ దొరికింది. దిండు గలీబు మూలలో, కుట్టు మడతలో ఇరుక్కొని ఉంది. నేనే చూసి సుజాతను పిలిచాను. ఆమె మొహం తెల్లబోయింది. "పాపం ఆ మనిషి. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు," అంది. చేస్తాలే అన్నాను. రెండు రోజుల తర్వాత చేశావా అంటే చేశాను అన్నాను. చేయలేదు.

ఎందుకు చేయలేదు? చేస్తే ఆ మేడమ్ ముందు నేనేమవుతాను అనే కదా? ఒక మనిషి బతుకుతెరువు అటు, నా మొహం ఇటు. తూకం వేసిన మాట కూడా అబద్ధమే. వేయలేదు. ఫోన్ టేబుల్ మీద పెట్టి దుకాణానికి పోయాను.

కొత్త నర్సు వచ్చిన మర్నాడే ఫోన్ తీసి అక్క మడమలు ఫోటో తీసింది. ఆ ఫోటోలు ఏంటని అప్పుడు మేడమ్‌ను అడిగాను. "మీరు సంతకం పెట్టిండారు గదా సార్, మూడో పేజీలో ఉండాది," అంది. మంచం పట్టినవాళ్లకు ఒరిపిడి ఉండే చోట చర్మం కమిలి పుండ్లు పడతాయట. పడలేదని రోజూ ఏజెన్సీకి ఫోటో పంపాలట. చెవి వెనక కూడా పడతాయట.

అప్పుడైనా చెప్పానా? లేదు. దానికి బదులు ఇంకో పని చేశాను. దుకాణంలో దాన్ని కథ కట్టాను. ఫోటోలు తీసి పంపిన నర్సు, బీరువాకు కట్టిన తీగ, జడలో దాచిన కమ్మ. రైతులు స్టూలు ముందుకు జరుపుకొని విన్నారు. ఇన్నేళ్లలో నేను చెప్పిన కథల్లో ఎవరూ సగం తీసేయకుండా పట్టుకుపోయింది అదొక్కటే. పలమనేరు దాకా పోయింది. నర్సులను పెట్టుకునే ఇళ్లవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. కుప్పం మనిషైతే మాకొద్దని ఒకాయన ఏజెన్సీలో అన్నాడని విన్నాను. ఆ కథలో ఆమె పేరు చెప్పలేదు నేను. చెప్పలేదని కొన్నాళ్లు ధైర్యంగా ఉన్నాను. ఎంత చవక ధైర్యం అది.

అక్క మళ్లీ ఒక్క మాట పలకలేదు. కొత్త నర్సులు ముగ్గురు మారారు. వాళ్లు పని బాగానే చేశారు. మాటలు నేర్పించడం వాళ్ల పని కాదు. సెల్వి పని కూడా కాదు అది, కాగితంలో లేదు. తర్వాత చదివాను. నేనే ఒకసారి అక్క పక్కన కూర్చొని నీళ్లు అను, చాలు అను అని బతిమాలాను. ఆమె నా మొహంలోకి చూసింది. కళ్లు మూసుకుంది. ఏడాదిన్నరకు పోయింది.

మొన్న ఎండాకాలంలో కుప్పంలో ఒక గ్రానైట్ షెడ్డులో పెద్ద మోటారు కాలిపోతే నన్ను పిలిపించారు. పాలిష్ మిషను దగ్గర, రాతి పొడి మోచేతుల దాకా అంటుకొని, మూతికి గుడ్డ కట్టుకున్న ఒకామె నాకేసి చూస్తూ ఉంది. గుడ్డ కిందికి లాగింది.

"అన్నా. అమ్మ ఎట్లుండారు?"

ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది.

"పోయిందమ్మా. మూడేళ్లు దాటింది."

ఆమె చేతులకేసి చూసుకుంది. "మాటలు వచ్చినాయా?"

"లేదు."

"ఇంగో నెల ఉండింటే వచ్చుండును," అంది. నన్ను తిట్టడానికి కాదు. తన పని గురించి తాను అనుకున్నట్టు అంది. గుడ్డ పైకి లాక్కొని మిషను దగ్గరికి పోయింది. మూడు గంటలు ఆ షెడ్డులో పనిచేశాను. ఒక్క కథ చెప్పలేదు. కమ్మ దొరికిందని కూడా చెప్పలేదు.

ఇంతవరకు రాసి పైనుంచి చదువుకున్నాను. బాగానే ఉంది. అనుమానపు మనిషి పొరబడ్డాడు, తర్వాత సిగ్గుపడి దాచాడు. చదివినవాళ్లు అయ్యో అంటారు, పొరబాటు ఎవరికైనా సహజమే అంటారు. అలా అనిపించడానికే అలా రాశాను. ఒట్టు పెట్టి మరీ ఒక్కచోట కల్పించాను. ఆ ఒక్కటి తీసేస్తే మిగతాదంతా వేరే రంగులో కనిపిస్తుంది. అందుకే తీయడానికి చెయ్యి రావడం లేదు.

కమ్మ నాలుగో రోజు దొరకలేదు.

శనివారం పదకొండు గంటలకు దొరికింది. మిద్దె మీద దండెం మీంచి ఆరిన గలీబులు తీస్తుంటే వేళ్లకు తగిలింది. సంతోషంగా కిందికి వచ్చాను. దీన్ని ఎలా చెప్పి అక్కను నవ్వించాలా అని మెట్ల మీదే కథ కట్టుకుంటున్నాను. కాకి ఎత్తుకుపోయిందని, నేను వెంటపడ్డానని. గది తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల సెల్వి గొంతు వినిపించింది.

"మా రాగిచేన్లో ఏనుగు పడె అమ్మా. మా మామ ఒక టపాకాయ కాల్చినాడు. అది పోలే. ఆడే నిలబడి, ఇంగోటి కాల్చు అన్నట్టు తొండం సాచె."

అక్క నవ్వింది.

పడిపోయాక ఆమె నవ్వడం నేను వినలేదు. మూడు నెలలు నేను ఆ మంచం పక్కన కూర్చొని చెప్పని కథ లేదు. ఆవు, చల్లగాలి బోరు, అన్నీ. పెదవి కదల్లేదు. డాక్టరు ఇక ఇంతే అన్నాడని సరిపెట్టుకున్నాను. తలుపు సందులోంచి చూశాను. కొంగు పట్టుకునే చెయ్యి పనిచేయదు కదా, సెల్వి తన చేత్తో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టి పట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

పైన రెండో జవాబు తర్వాత అన్నాను. ఇదే అది. మొదటి వారంలోనే మొలిచిన ఈ కుళ్లు నాకు కనిపించింది ఆ పూటే.

చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగాను. మళ్లీ మిద్దెక్కాను. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. ఆవేశంలో చేశానని చెప్పుకోవడానికి లేదు, అరగంట దాకా ఉంటుంది. ఆ తర్వాత ఫోన్ తీసి మదనపల్లెకు చేశాను. నాలుగో రోజు గలీబులో దాన్ని పెట్టిందీ నేనే, దొరికిందని సుజాతను పిలిచిందీ నేనే.

దుప్పటి మీద సెల్వి తన బట్టలు ఒక్కొక్కటే విదిలిస్తున్నప్పుడు, జడ విప్పి దులుపుతున్నప్పుడు, నా నోట్లోంచి వినాలని అడుగుతున్నప్పుడు, కమ్మ నా చొక్కా జేబులో ఉంది.